డ్రిల్ స్లీవుకు పేటెంటు వస్తుందా? పనివాడి సవరణకూ ఆవిష్కరణకూ మధ్య గీత ఎక్కడ?

#1 బాలానగర్ టర్నర్ (శనివారం, రాత్రి 9:10)

సభ్యులకు నమస్కారం. బాలానగర్‌లో రెండు లేతులు, ఒక మిల్లింగ్ యంత్రం ఉన్న చిన్న షెడ్డు నడుపుతున్నాను. కొన్నేళ్లుగా ఎముకల ఆపరేషన్లలో వాడే చిన్నచిన్న పనిముట్లను జాబ్‌వర్కు మీద చేసి ఇస్తున్నాను. పేటెంట్ల సంగతి నాకు బొత్తిగా తెలియదు గనుక, తెలిసినవారు దారి చూపుతారన్న ఆశతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

విరిగిన ఎముకకు ప్లేటు వేసి స్క్రూలు బిగించాలంటే ముందుగా రంధ్రం చేయాలి. 4.5 మిల్లీమీటర్ల స్క్రూకు 3.2 మిల్లీమీటర్ల బిట్టు, 3.5 మిల్లీమీటర్ల స్క్రూకు 2.5 మిల్లీమీటర్ల బిట్టు వాడతారు. బిట్టు ఎముక ఇవతలి గోడను, మధ్యనున్న మూలుగను దాటి, అవతలి గోడను తొలిచి బయటపడిన క్షణంలో చేయి ఆగకపోతే అది వెనకనున్న కండలోకో, నరం మీదికో దూసుకుపోతుంది. అందుకని బిట్టును నడిపించే గొట్టం, అంటే డ్రిల్ స్లీవు మీద ముందుకూ వెనక్కూ జరిగే కాలర్ (వలయం) ఒకటి పెట్టి, కావలసిన లోతు దగ్గర దాన్ని బిగిస్తారు. డ్రిల్ చక్కు (బిట్టును పట్టుకునే భాగం) వచ్చి ఆ కాలర్‌కు తగిలి ఆగిపోతుంది. ఇంతవరకూ నేను కనిపెట్టినది ఏమీ లేదు.

ఒక డాక్టరుగారు తెచ్చి చూపించిన పాత నమూనాలో కాలర్‌ను థ్రెడ్డుతో బిగించే ఏర్పాటు ఉంది. స్లీవూ స్టెయిన్‌లెస్సే, కాలరూ స్టెయిన్‌లెస్సే కావడం వల్ల కొన్నిసార్లు ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) వేసి తీసేసరికి థ్రెడ్డు పట్టేస్తోంది. ఆయన తెచ్చిన ముక్క మీద కటింగ్ ప్లయరుతో తిప్పిన గాట్లు కూడా ఉన్నాయి. నేను థ్రెడ్డును పూర్తిగా తీసేసి, లోపల ఒక స్ప్రింగు పెట్టి, నొక్కి పావు చుట్టు తిప్పితే పట్టుకునేలా, మళ్లీ నొక్కి వెనక్కి తిప్పితే మూడు ముక్కలుగా విడిపోయేలా చేశాను. ఆ స్ప్రింగే కాలర్‌ను స్లీవు పళ్ల మీద అదిమిపెట్టి లోతు జారకుండా చూస్తుంది, ఆ స్ప్రింగే తాళం వదులు కాకుండా చూస్తుంది.

దీనికి పేటెంటు వస్తుందా, ఎంత ఖర్చవుతుంది, డాక్టరుగారి పేరు కూడా పెట్టాలా అన్నవి నా ప్రశ్నలు. నాలుగు ఫొటోలు, విప్పి బిగించే వీడియో జతచేశాను.

*[ఫొటోలు, వీడియో తొలగించబడ్డాయి. – నిర్వాహకుడు]*

#2 క్లెయిముల గుమాస్తా (శనివారం, రాత్రి 9:51)

టర్నర్ గారూ, మీ ప్రశ్నలకు జవాబు తరువాత. ముందు ఆ ఫొటోలూ వీడియో తీయించండి. నిర్వాహకులకు ఇప్పుడే విడిగా సందేశం పంపాను.

ఎందుకు తొందరపెడుతున్నానో చెబుతాను. మన 1970 పేటెంట్ల చట్టం ప్రకారం దరఖాస్తు వేసిన తేదీకి ముందు ప్రపంచంలో ఎక్కడ ప్రచురితమైనా ఆ విషయం కొత్తది కాకుండా పోతుంది. ప్రచురించినది మీరేనా, ఇంకొకరా అన్న తేడా సాధారణంగా ఉండదు. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన పారిశ్రామిక ప్రదర్శనలో పెట్టడం, విద్వత్సభలో పత్రంగా చదవడం, స్వభావరీత్యా బహిరంగంగానే చేయక తప్పని పరీక్షలు జరపడం వంటి కొన్నిటికి మాత్రం పన్నెండు నెలల వెసులుబాటు ఉంది. రాత్రిపూట చర్చావేదికలో వీడియో పెట్టడం వాటిలోకి రాదు. అమెరికాలో ఆవిష్కర్త తానే బయటపెట్టుకున్నదానికి ఏడాది గడువు ఇస్తారు, కానీ మీ గిరాకీ ఇక్కడిది గదా.

మామూలుగా అయితే మీలాంటి వారికి నేను చెప్పేది ఒకటే. చేసినది చేసినట్టుగా తాత్కాలిక స్పెసిఫికేషన్ (వివరణ పత్రం) రాసి దరఖాస్తు వేయండి, తేదీ మీ చేతికి వస్తుంది, పూర్తి స్పెసిఫికేషన్ పన్నెండు నెలల్లోగా ఇవ్వవచ్చు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము రూ. 1,600, పరీక్ష కోసం కోరే రుసుము రూ. 4,000. పెద్ద కంపెనీలకు ఇవే రూ. 8,000, రూ. 20,000 అవుతాయి. ముప్ఫై పేజీలు, పది క్లెయిములు (మీ హక్కు దేని మీదో చెప్పే వాక్యాలు) దాటితే అదనంగా కట్టాలి. తెలంగాణ దరఖాస్తులన్నీ చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి గాని, అక్కడిదాకా వెళ్లవలసిన పని లేదు. ఏజెంటు ఫీజు వేరు, అది ఆ మనిషిని బట్టి ఉంటుంది.

#3 నిర్వాహకుడు (శనివారం, రాత్రి 9:58)

ఫొటోలు, వీడియో తొలగించాము. అవి మొత్తం 48 నిమిషాలు అందరికీ కనిపించాయి. ఆ వ్యవధిలో ఎవరైనా దాచుకున్నారా లేదా అన్నది మా చేతిలో లేని విషయం. సభ్యుని మాటల్లోని వివరణను అలాగే ఉంచుతున్నాము, ఎందుకంటే దాన్ని అప్పటికే కొందరు చదివి జవాబులు రాయడం మొదలుపెట్టారు.

#4 బాలానగర్ టర్నర్ (శనివారం, రాత్రి 10:30)

చదివి తల పట్టుకు కూర్చున్నాను. ఆరేళ్ల కిందట పైపు పట్టే క్లాంపు ఒకటి చేసి, దాని డ్రాయింగును నమ్మకంతో ఒక వ్యాపారి చేతిలో పెట్టాను. నాలుగు నెలలు తిరగకముందే అదే క్లాంపు వేరే ముద్రతో నాకే అమ్మకానికి వచ్చింది. ఈసారి అలా కాకూడదనే గదా పేటెంటు గురించి అడగడానికి వచ్చింది. వచ్చి నా గుట్టు నేనే వీధిలో పెట్టుకున్నాను.

#5 సుల్తాన్‌పూర్ ఇంజినీరు (ఆదివారం, ఉదయం 7:45)

టర్నర్ గారూ, అంతగా బాధపడవలసిన పని లేదని నా అభిప్రాయం. ఓదార్పు కోసం అనడం లేదు. నేను సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులో పనిచేస్తాను. పొద్దున్నే రెండు గంటలు కూర్చుని వెతికాను. మీరు వీధిలో పెట్టుకున్నానని అనుకుంటున్నదానిలో చాలా భాగం ఎప్పటి నుంచో వీధిలోనే ఉంది.

వెతకడం ఎలాగో కూడా చెబుతాను, ఇతరులకూ పనికివస్తుంది. మాటలతో వెతికితే దొరకదు, ఎందుకంటే మీరు కాలర్ అన్నదాన్ని ఇంకొకరు ఆపుడు వలయం అంటారు, మరొకరు లోతు పరిమితి అంటారు. అంతర్జాతీయ వర్గీకరణ సంఖ్యతో వెతకాలి. ఎముక డ్రిల్లుకు దారి చూపే సాధనాలన్నీ ఏ61బీ 17/17 కింద ఉంటాయి. వైద్యంతో సంబంధం లేని డ్రిల్లింగ్ కొలత సాధనాలు బీ23బీ 49 కింద ఉంటాయి. ఈ రెండో గదిని చాలామంది తెరవనే తెరవరు. పేటెంటు కార్యాలయపు పరీక్షకులు మాత్రం తప్పకుండా తెరుస్తారు. గూగుల్ పేటెంట్స్, ఎస్పాసెనెట్, మన ప్రభుత్వ ఇన్‌పాస్ మూడూ ఉచితమే.

లోతు ఆపే కాలర్ పాతది. గీతలున్న స్లీవు పాతది. విప్పి కడగగలిగే స్లీవులు కూడా ఉన్నాయి. ఇక మీ తాళం విషయానికి వస్తే, ఒక్కసారి తల పైకెత్తి మీ షెడ్డులోని బల్బు హోల్డరు వంక చూడండి. నొక్కి తిప్పితే పట్టుకుంటుంది, నొక్కి వెనక్కి తిప్పితే ఊడివస్తుంది. లోపలి స్ప్రింగు కాంటాక్టులు కరెంటూ అందిస్తాయి, బల్బును వెనక్కి తోసి తాళమూ వదలకుండా చూస్తాయి. ఒకే స్ప్రింగుతో రెండు పనులు అన్న మీ వాదనకు కూడా అది ఎదురు నిలుస్తుంది. పరీక్షకుడు ఎముక డ్రిల్లు పత్రాన్ని, బల్బు హోల్డరును పక్కపక్కన పెట్టి, ఈ రెండిటినీ కలపడం ఆ పని తెలిసినవాడికి తట్టేదే గదా అంటే మనం ఏం జవాబు చెబుతాం?

#6 రాణిగంజ్ షాపు (ఆదివారం, ఉదయం 10:20)

ఇంజినీరు గారు చెప్పినది నిజమే. వడ్రంగులు బిట్టుకు తొడిగి చిన్న అలెన్ స్క్రూతో బిగించుకునే లోతు కాలర్లు మా దుకాణంలో పొట్లాలుగా అమ్ముతాము. మరి అలా చూస్తే ప్రపంచంలో కొత్తది అంటూ ఏముంటుంది? మా గోడకు వేలాడే లాకింగ్ ప్లయరును తీసుకోండి. నెబ్రాస్కాలో స్థిరపడిన విలియం పీటర్సన్ అనే డెన్మార్కు కమ్మరికి 1924లో దాని మీద పేటెంటు వచ్చింది. ప్లయరు పాతది, స్క్రూ పాతది, మీటల కూర్పు పాతది. అయినా ఇచ్చారు గదా. ఇప్పుడు గడువు ఎప్పుడో తీరిపోయింది గనుక ఎవరైనా చేసి అమ్ముకుంటున్నారు. పాత ముక్కలతో చేసినది ఒకటి ఆవిష్కరణ అయితే, ఇంకొకటి ఎందుకు కాదో నాబోటివాడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పాలి.

#7 పాత సీఐటీడీ (ఆదివారం, మధ్యాహ్నం 2:05)

రాణిగంజ్ వారి ప్రశ్న సరైన చోట తగిలింది. బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీలో చాలాకాలం పాఠాలు చెప్పినవాణ్ని. ఏటా ఈ ప్రశ్న దగ్గరే తరగతి వేడెక్కేది. జవాబుగా నేను ఎప్పుడూ ఒక సుప్రీంకోర్టు తీర్పునే చెప్పేవాణ్ని, ఎందుకంటే అది మందుల గురించో సాఫ్ట్‌వేర్ గురించో కాదు, అచ్చంగా లేతు గురించి.

అది బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం, హిందూస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్ మధ్య వ్యాజ్యం. తీర్పు 1978 డిసెంబరులో వచ్చింది. అప్పటి పేటెంటు 1911 నాటి చట్టం కింద ఇచ్చినది. విషయం ఏమిటంటే, ఇత్తడి పళ్లేల వంటి లోతు తక్కువ పాత్రలను తిప్పి, గీకి, మెరుగు పెట్టేటప్పుడు వాటిని హెడ్‌స్టాక్‌కు (లేతులో వస్తువును తిప్పే కొసకు) వేడికి మెత్తబడే ఒక రకం బంకతో అతికించేవారు, లేదా చక్కు దవడలతో పట్టించేవారు. రెండో వైపు ఆధారం ఉండేది కాదు. తిరుగుతున్న పాత్ర ఊడి ఎగిరివచ్చి పనివాడికి తగిలే ప్రమాదం ఉండేది. పేటెంటుదారు చేసినది రెండో వైపున, అంటే టెయిల్‌స్టాక్ వైపు నుంచి ఒక అడాప్టరుతో పాత్రను అదిమిపట్టే ఏర్పాటు. ప్రమాదం తగ్గింది, పని వేగం పెరిగింది, సరుకు బాగా వచ్చింది. ఉపయోగం లేదని ఎవరూ అనలేరు.

అయినా కోర్టు పేటెంటును నిలబెట్టలేదు. లేతులో టెయిల్‌స్టాక్ కొత్త కాదు, దానితో జాబును (లేతు మీద చేసే వస్తువును) అదిమిపట్టడం కొత్త కాదు, తెలిసిన సూత్రాన్ని తెలిసిన యంత్రంలో ఇంకో జాబుకు వాడుకోవడం వర్క్‌షాపులో జరిగే మామూలు సవరణే తప్ప ఆవిష్కరణ కాదన్నది దాని సారాంశం. ఆ పనిలో నైపుణ్యం ఉన్న పనివాడి ముందు సమస్యను పెడితే, అప్పటికి అందరికీ తెలిసిన జ్ఞానంతోనే అతను ఆ పరిష్కారం దగ్గరికి సహజంగా చేరుకుంటాడా అన్నదే కొలత. ఈ ‘పనివాడు’ తెలివితక్కువవాడు కాదు, అలాగని మేధావీ కాదు. నా తరగతిలో నేను అతణ్ని వెనక బెంచీలో కూర్చోబెట్టినట్టు ఊహించుకోమనేవాణ్ని. వాడికి పుస్తకాలన్నీ తెలుసు, సొంతంగా ఒక్క మెరుపు కూడా మెరవదు.

ఇప్పుడు టర్నర్ గారి స్లీవును వెనక బెంచీవాడి ముందు పెట్టండి. “థ్రెడ్డు పట్టేస్తోంది, ఏం చేయాలి?” అని అడగండి. వాడు వెంటనే “థ్రెడ్డు తీసెయ్యి, నొక్కి తిప్పే తాళం పెట్టు” అంటాడు. నాకు బాధగానే ఉంది, కానీ ఉన్నమాట చెప్పాలి. మీరు ఇంతవరకు వివరించినది పనివాడి సవరణ పక్కకే మొగ్గుతోంది.

#8 ఆలేరు కుర్రవాడు (ఆదివారం, సాయంత్రం 6:40)

మాస్టారి మాటతో విభేదించే సాహసం చేస్తున్నాను, మన్నించాలి. ఆ కొలతను మా ఊరి వైపు పెట్టి చూద్దాం.

మాది నేత కుటుంబం. పోచంపల్లి పట్టుచీరకు రంగు అద్దడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు పలకకు ఒక అంచున వరసగా మేకులుంటాయి. నూలును మధ్య మేకు నుంచి అంచు మేకు దాకా, మళ్లీ వెనక్కి, ఒక్కొక్క మేకు చుట్టూ లెక్క తప్పకుండా చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఇది ఎప్పుడూ ఇంట్లో ఆడవాళ్ల పనే. మా అమ్మమ్మ కుడిచేయి భుజం పైకి లేచేది కాదు. అన్నం కలుపుకోవడం కూడా ఎడమచేత్తోనే.

మా ఆలేరు ప్రాంతానికే చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి పడే ఈ బాధను చూడలేక 1992 నుంచి ఏడేళ్లు తంటాలు పడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. తల్లి పేరు మీదే దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. దానికి పేటెంటు వచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. విశేషమేమిటంటే, మేకు చుట్టూ నూలు తిప్పే కదలిక దగ్గర చిక్కుకుపోయినప్పుడు ఆయనకు మార్గం దొరికింది మన టర్నర్ గారి బాలానగర్‌లోనే. పని మీద వెళ్లిన చోట ఇంకేదో యంత్రం కదలికను చూసి, అది తన యంత్రానికి సరిపోతుందని పట్టుకున్నారు. అంటే అక్కడి కదలిక కూడా అప్పటికే ఉన్నదే. మోటారు ఉన్నదే, మేకులు ఉన్నవే. మరి వెనక బెంచీవాడు ఎందుకు చేయలేకపోయాడు? తరతరాలుగా వేల ఇళ్లలో ఆసు పోస్తున్నా ఎవరికీ ఎందుకు తట్టలేదు?

#9 పాత సీఐటీడీ (ఆదివారం, రాత్రి 8:15)

బాబూ, మన్నించవలసినది ఏమీ లేదు. నీ ప్రశ్నలోనే జవాబు ఉంది. చాలాకాలంగా అందరినీ బాధిస్తున్న అవసరం, దాన్ని తీర్చాలని ఎవరు ప్రయత్నించినా తీరకపోవడం, ఆ తరువాత ఒకరు తీర్చడం అన్నవి ఆవిష్కరణ పక్షాన బలమైన సాక్ష్యాలు. ఆసు యంత్రంలో ముక్కలు పాతవే గాని, మనిషి చేయి మాత్రమే చేయగలదనుకున్న కదలికను ఆ ముక్కలన్నీ కలిసి చేశాయి. ఏ ముక్క పని అది విడిగా చేసుకుంటూ పక్కపక్కన ఉంటే మన చట్టం 3(ఎఫ్) సెక్షను కింద తోసిపుచ్చుతుంది. కలిసి ఒక కొత్త ఫలితం ఇస్తే తోసిపుచ్చదు. రాణిగంజ్ వారి లాకింగ్ ప్లయరు కూడా ఇటువైపే నిలుస్తుంది.

కాబట్టి టర్నర్ గారిని నేను అడిగేది ఇదొక్కటే. థ్రెడ్డు పట్టేయడం గాక, ఆ పనిముట్టు విషయంలో ఎవరికీ తీరని బాధ ఇంకేమైనా ఉందా?

#10 ఎముకల డాక్టరు, ఎల్బీనగర్ (ఆదివారం, రాత్రి 11:30)

టర్నర్ గారికి నమూనా చూపించిన వైద్యుణ్ని నేను కాదు. అయినా మాస్టారు అడిగిన ప్రశ్నకు నేనే జవాబు చెప్పగలనని అనిపించి, డ్యూటీ ముగించుకుని వచ్చి రాస్తున్నాను.

మీరందరూ షెడ్డులో నిలబడి మాట్లాడుతున్నారు. ఒకసారి థియేటరులోకి రండి. ఆపరేషను ముగిశాక ఆ పనిముట్టు సిస్టర్ చేతికి వెళ్తుంది. చేతికి తడి గ్లోవులు ఉంటాయి. స్లీవులో రక్తం, ఎముక పొడి కలిసి సిమెంటులా గట్టిపడుతుంటాయి. విప్పి, బ్రష్షుతో తోమి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఆటోక్లేవ్‌లో పెట్టాలి. 121 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలో, 134 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలో ఆవిరి లోపలి మూలమూలకూ అందాలి. అందకపోతే ఆ మూలనున్న మురికి తరువాతి రోగి ఎముకలోకి వెళ్తుంది. ఎముకలో చీము పడితే అది నెలల తరబడి వదలని పీడ.

ఇక స్ప్రింగు సంగతి. మీ వీడియోను తొలగించకముందే చూశాను. నొక్కి తిప్పి విప్పగానే స్ప్రింగు విడిగా బయటికి వచ్చింది. మీరు దాన్ని బల్ల మీద పెట్టారు. థియేటరులో అది బల్ల మీద ఉండదు, ఎగిరి నేల మీద పడుతుంది, లేదా రోగి మీద కప్పిన డ్రేపు గుడ్డ మడతలోకి పోతుంది. కుట్లు వేసే ముందు గాజుగుడ్డలను, సూదులను, పనిముట్లను లెక్కపెట్టడం మా నియమం. లెక్క తప్పితే ఎక్స్‌రే తీసి చూసేదాకా మూయం. ఒకసారి నేను పనిచేసిన చోట ఒక పనిముట్టులోని ఇలాంటి స్ప్రింగే కనిపించక, రోగిని మత్తులోనే ఉంచి నలభై నిమిషాలు వెతికాము. చివరికి అది సక్షన్ సీసాలో దొరికింది. విప్పగలిగే పనిముట్టు కావాలి, కానీ విప్పితే ముక్కలు పోకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. నేను వాడినవాటిలో ఏదో ఒకటే ఉంది.

పేరు విషయం గురించి నాకు తెలిసింది కూడా చెబుతాను. వైద్యుడు అడగడం, ఇంజినీరు చేయడం మన ఊరికి కొత్త కాదు. అబ్దుల్ కలాం గారు ఇక్కడ డీఆర్‌డీవోలో ఉన్న రోజుల్లో నిమ్స్ ఎముకల వైద్యుడొకరు ఆయన ప్రయోగశాలకు వచ్చి, క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని చేతిలోకి తీసుకుని, తన ఆసుపత్రిలో పిల్లలు మూడు కిలోలకు మించిన లోహపు కాలిపర్లను (కాళ్లకు ఆధారంగా కట్టే పట్టీలను) ఈడ్చుకుంటూ నడుస్తున్నారని చెప్పారట. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయని కలాం గారే అనేకసార్లు చెప్పారు. అక్కడ ఆవిష్కర్త ఎవరు, బాధ చెప్పినవారా, పదార్థం చేసినవారా? చట్టం ఏమంటుందో గుమాస్తా గారు చెప్పాలి.

#11 క్లెయిముల గుమాస్తా (సోమవారం, ఉదయం 8:50)

డాక్టరు గారూ, సమస్యను చెప్పినంత మాత్రాన ఆవిష్కర్త కారు. పరిష్కారంలో ఏదో ఒక భాగాన్ని ఊహించి ఇచ్చినవారు అవుతారు. “థ్రెడ్డు పట్టేస్తోంది” అన్నది సమస్య. “థ్రెడ్డుకు బదులు ఫలానా విధంగా చేసి చూడు” అంటే పరిష్కారం. టర్నర్ గారి డాక్టరు రెండోది అన్నారా లేదా అన్నది టర్నర్ గారే నిజాయితీగా గుర్తుచేసుకోవాలి. అని ఉంటే పేరు పెట్టి తీరాలి. ఆయన ఆసుపత్రి ఉద్యోగి అయితే, ఆయన ఉద్యోగ ఒప్పందంలో ఏం రాసుకున్నారో కూడా ముందే చూసుకోవాలి. గౌరవం కొద్దీ పేరు పెట్టడం మాత్రం వద్దు. సహయజమానులైతే ఇద్దరికీ సమాన వాటా వస్తుంది, ఎవరికి వారు తయారుచేసి అమ్ముకోవచ్చు, కానీ ఒకరి సమ్మతి లేకుండా ఇంకొకరు లైసెన్సు ఇవ్వలేరు. పెళ్లిపీటల మీద కూర్చునే ముందు ఆలోచించుకున్నంతగా ఆలోచించుకోవాలి.

ఇంకో మాట. ఆపరేషను చేసే పద్ధతికి మన దేశంలో పేటెంటు ఇవ్వరు, 3(ఐ) సెక్షను అడ్డొస్తుంది. పనిముట్టుకు ఇస్తారు. కాబట్టి క్లెయిము అంతా ముక్కల గురించి, అవి ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే తీరు గురించి ఉండాలి, సర్జను చేతి కదలికల గురించి కాదు.

క్లెయిమును మరీ బిగించి రాసినా నష్టమే. జేమ్స్ వాట్ కథ మీకు తెలిసే ఉంటుంది. ఆవిరి యంత్రపు కిందికీ మీదికీ ఆడే కదలికను చక్రపు కదలికగా మార్చడానికి క్రాంకు సులువైన దారి. కానీ దాన్ని ఆ రకంగా వాడే పేటెంటు 1780లో జేమ్స్ పికార్డ్ చేతికి వెళ్లింది. వాట్ దాని జోలికి పోకుండా, ఒక పళ్లచక్రం చుట్టూ ఇంకో పళ్లచక్రం సూర్యుడి చుట్టూ గ్రహంలా తిరిగే ఏర్పాటును 1781లో పేటెంటు చేయించి పని గడుపుకున్నాడు. మీరు తాళంలో “మూడు గాడులు” అని రాస్తే రేపు ఇంకొకడు నాలుగు గాడులు పెట్టి అమ్ముతాడు.

#12 రాణిగంజ్ షాపు (సోమవారం, ఉదయం 11:15)

ఇంత తతంగం ఎందుకు, ఎవరికీ చెప్పకుండా గుట్టుగా చేసి అమ్ముకోకూడదా? మా తాతగారి కాలంలో పానలకు నీళ్లు పట్టించే (కాల్చి ముంచి గట్టిపరిచే) రహస్యం ఒక్క మేస్త్రీకే తెలిసేది.

#13 సుల్తాన్‌పూర్ ఇంజినీరు (సోమవారం, మధ్యాహ్నం 1:30)

గుట్టు దాచడం కూడా ఒక దారే, చరిత్రలో జరిగింది కూడా. ఇంగ్లండులో చాంబర్లెన్ కుటుంబం కాన్పు కష్టమైనప్పుడు బిడ్డను బయటికి తీసే పట్టకారును నూరేళ్లకు పైగా రహస్యంగా ఉంచింది. పెద్ద పెట్టెలో మోసుకొచ్చి, గదిలో ఇంకెవరినీ ఉండనిచ్చేవారు కాదని చెబుతారు. ఆ నూరేళ్లలో ఎంతమంది తల్లులకు అది అందకుండా పోయిందో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. అది పక్కన పెట్టినా, నీళ్లు పట్టించే వేడి ఎంతో పానను చూసి చెప్పలేరు గాని, మన స్లీవును ఒక్కటి కొని వెర్నియరుతో కొలిస్తే సాయంత్రానికి డ్రాయింగు సిద్ధమవుతుంది. చూస్తే తెలిసిపోయేదానికి గుట్టు పనికిరాదు.

పేటెంటు ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశానికే పరిమితం అన్నది కూడా గుర్తుంచుకోవాలి. కోవిడ్ రోజుల్లో మనమంతా వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటరు సూత్రాన్ని కనిపెట్టినది జపాన్‌కు చెందిన తకువో అఓయాగి. ఆయన కంపెనీ నిహాన్ కోడెన్ 1974 మార్చిలో జపాన్‌లో దరఖాస్తు వేసింది. నెల తిరగకముందే మినోల్టా కూడా అలాంటిదే వేసింది. జపాన్‌లో ముందు వేసినవారిదే చెల్లింది. కానీ విదేశాల్లో దరఖాస్తు వేయనందున అమెరికాలో పేటెంటు మినోల్టాకు వచ్చింది.

చివరిగా, పేటెంటు చేతికి వచ్చినంత మాత్రాన ఆసుపత్రికి అమ్మే హక్కు రాదు. 2017 వైద్య పరికరాల నియమాల కింద ఏ, బీ, సీ, డీ తరగతుల్లో మీది ఎందులోకి వస్తుందో చూసి, దానికి తగిన అనుమతి విడిగా తెచ్చుకోవాలి. ఈ రెండిటినీ కలగాపులగం చేసుకుని నష్టపోయినవారిని చూశాను.

#14 బాలానగర్ టర్నర్ (గురువారం, రాత్రి 10:05)

నాలుగు రోజులుగా ఇటువైపు రాలేకపోయాను. జవాబులు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఎల్బీనగర్ డాక్టరుగారి మాట చదివిన మరునాడు నా స్లీవును పట్టుకుని, నాకు నమూనా ఇచ్చిన డాక్టరుగారి ఆసుపత్రికి వెళ్లాను. థియేటరు సిస్టరమ్మను బతిమాలి, తడి గ్లోవులతో ఒక బేసిను మీద విప్పి చూపించమన్నాను. పదిసార్లు విప్పితే ఏడుసార్లు స్ప్రింగు ఎగిరింది. రెండుసార్లు బేసినులో కాకుండా నేల మీద పడింది. “మీ పాతదే నయమయ్యా, పట్టేసినా పారిపోలేదు” అని ఆమె అన్నారు. డాక్టరుగారు నవ్వి, తాను చెప్పినది థ్రెడ్డు పట్టేస్తోందనే తప్ప ఎలా చేయాలో ఎన్నడూ చెప్పలేదని, పేరు అక్కర్లేదని అక్కడికక్కడే కాగితం మీద రాసి సంతకం చేశారు.

షెడ్డుకు తిరిగివచ్చి మొదట స్ప్రింగు చివరి చుట్టను కాలర్‌కు అతికించి చూశాను. పారిపోలేదు గాని, అతుకు దగ్గర సందు ఏర్పడింది. కాఫీపొడి కలిపిన బెల్లంపాకం అందులో పోసి ఆరబెట్టి కడిగితే ఆ సందులో నల్లగా మిగిలిపోయింది. పారిపోకుండా పట్టుకుంటే మురికి నిలుస్తుంది, మురికి నిలవకుండా వదిలితే పారిపోతుంది. డాక్టరుగారు ఒకదానికొకటి ఎదురని ఎందుకన్నారో అప్పుడు బుర్రకెక్కింది. నిన్న రాత్రి రెండు గంటలకు ఒక ఉపాయం తోచింది. ఈరోజు ముక్క తిప్పి, మళ్లీ ఆ సిస్టరమ్మ చేతికే ఇచ్చాను. గదిలో మేమిద్దరమే ఉన్నాము, ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం కూడా తీసుకున్నాను. ముప్ఫైసార్లు విప్పారు, ఒక్కసారీ ఎగరలేదు, బెల్లంపాకం కూడా మిగల్లేదు.

ఆ ఉపాయం ఏమిటో మాత్రం ఇక్కడ రాయను. గుమాస్తా గారూ, మీ కార్యాలయం హిమాయత్‌నగర్‌లోనేనా? రేపు పదింటికి ముక్కతో సహా వస్తాను.

#15 క్లెయిముల గుమాస్తా (గురువారం, రాత్రి 10:12)

హిమాయత్‌నగర్‌లోనే. తొమ్మిదిన్నరకే రండి. ముక్కను జేబులోనే ఉంచుకోండి, ఫోనులో ఫొటో కూడా తీయకండి.